మట్టల ఆదివారం చెప్పిన సాక్ష్యం

కలకత్తా పక్కన టికియాపారాలో రైలుపెట్టెలు కడిగే యార్డుని ఆనుకుని రైల్వే క్వార్టర్లున్నాయి. వాటి వెనక సందులో, ఒక మెకానిక్ షెడ్డుకీ బియ్యం కొట్టుకీ మధ్య, చిన్న తెలుగు చర్చి ఉంది. ఆదివారం పొద్దున ఆ చర్చి గుమ్మంలో నిలబడి, వచ్చిన ప్రతివాళ్లకీ చెయ్యి కలిపి లోపలికి పంపడం దయానందం పని. ఎవరూ అప్పగించిన పని కాదు, ఇష్టంకొద్దీ చేసేవాడు. అతని తండ్రి విజయనగరం నుంచి వచ్చి యార్డులో ఖలాసీగా చేరాడు. దయానందం అదే యార్డులో ఫిట్టరయ్యాడు. పానాలు, సుత్తులు పట్టి కాయలు కాసిన వెడల్పాటి అరచెయ్యి అతనిది. పిల్లల చేతులు అందులో పూర్తిగా మునిగిపోయేవి.

"వందనాలమ్మా. ఏటి బాబూ, పరీచ్చలెలగ రాసినావు? మీ అమ్మకి జొరం తగ్గిందేటి?"

చెయ్యి ఊపుతూనే ఇంటిల్లిపాది క్షేమమూ కనుక్కునేవాడు. లోపల పాట మొదలైపోయినా, ఆలస్యంగా వచ్చేవాళ్ల కోసం గుమ్మంలోనే ఉండిపోయేవాడు. ముందు వరసలో కూర్చున్న భార్య లిల్లీ వెనక్కి తిరిగి తిరిగి చూసి విసుక్కునేది. ఆమె హౌరా మైదాన్ దగ్గర ఒక చిన్న బడిలో అక్షరాలు దిద్దించే టీచరు. వాళ్లకి పిల్లలు లేరు. దాని గురించి బాధపడాల్సిన కాలం బాధపడి, తరవాత మామూలుగానే బతికారు.

కిందటేడు ఏప్రిల్ చివర ఒక సాయంత్రం కాల్‌బైశాఖి గాలివాన వచ్చింది. ఎండాకాలంలో కలకత్తాకి అది కొత్త కాదు. ఆకాశం నల్లబడి, దుమ్ము లేచి, కాసేపు ఊరంతా అతలాకుతలమై మళ్లీ సద్దుకుంటుంది. ఈసారి పోతూ పోతూ చర్చి వసారా మీది రేకొకటి లేపేసి ఒక పక్కకి వేలాడదీసి పోయింది. మర్నాడు డ్యూటీ దిగగానే దయానందం నిచ్చెన వేసుకుని ఎక్కాడు. అతనితో పనిచేసే సోములు రేకు రెండో కొస పట్టుకున్నాడు. తడి ఆరని రేకు సోములు చేతిలోంచి జారింది. కింద చర్చి పిల్లలు ఆడుకుంటున్నారు. రేకు వాళ్ల మీద పడుతుందన్న భయంతో దయానందం కుడిచేత్తో దాన్ని ఒడిసి పట్టుకున్నాడు. తుప్పు పట్టిన అంచు మణికట్టు లోపలి వైపు దిగిపోయింది.

ఆసుపత్రిలో రెండు స్నాయువులు, ఒక నరం కలిపి కుట్టారు. "నరం పూర్తిగా తెగిపోయింది. అతికించాం. వేళ్లు కదలడానికి కొంతకాలం పడుతుంది. చెయ్యి దక్కింది, అదృష్టవంతుడు," అన్నాడు సర్జను. పాస్టరుగారు మంచం పక్కన మోకరించి దేవుడికి కృతజ్ఞతలు చెప్పారు. దేవుడి పనిలో తగిలిన దెబ్బని దేవుడే మాన్పుతాడని చర్చిలో అందరూ అన్నారు. దెబ్బ నిజంగానే మానింది. కుట్లు విప్పాక మణికట్టు మీద గులాబీ రంగు గీత తప్ప ఏమీ మిగల్లేదు. బొటనవేలు కాస్త కాస్త వంగడం కూడా మొదలెట్టింది.

వానలు పట్టాక నొప్పి వచ్చింది.

మొదట చీమలు పాకినట్టుండేది. తరవాత అరచేతిలో నిప్పుకణిక పెట్టి మూసినట్టు మంట. మధ్యమధ్య మోచేతి దాకా కరెంటు కొట్టినట్టు లాగేది. గట్టిగా నొక్కితే అంత లేదు. మెల్లగా తగిలితేనే చచ్చేంత బాధ. చొక్కా కఫ్ తగిలినా, లిల్లీ చీర కొంగు పొరపాటున రాసుకున్నా, ఫ్యానుగాలి నేరుగా పడినా మూలుగు వచ్చేసేది. చల్లటి నీళ్లలో చెయ్యి పెట్టలేడు. దుప్పటి కప్పుకోలేడు. పడుకున్నప్పుడు ఆ చేతిని గాలిలోకి లేపి, దిండు మీద మోచెయ్యి ఆనించి, ఎవరినో ఆగమన్నట్టు అరచెయ్యి ఎత్తి పట్టుకునేవాడు. నిద్ర పట్టగానే చెయ్యి వాలేది. వాలగానే మెలకువ వచ్చేసేది.

యార్డులో అతన్ని స్టోరు గదిలో తేలిక పని మీద కూర్చోబెట్టారు. తోటివాళ్లు మంచివాళ్లే, కానీ వాళ్ల కళ్లకి కనిపించేది మానిన గాయం. "కీ దయాదా, ఎఖొనో బ్యథా?" అని నవ్వుతూ అడిగేవాళ్లు, ఇంకా నొప్పేనా అని. బెంగాలీలో ఒంటి నొప్పిని బ్యథ అంటారు. మనం మనసులో బాధని వ్యథ అంటాం. ఆ రెండూ ఒకటే మాట అయ్యుండాలని దయానందం ఒకసారి లిల్లీతో అన్నాడు.

చర్చి గుమ్మంలో నిలబడటం మానేశాడు. ఎవరైనా చెయ్యి చాస్తారేమోనని ఆరాధన మొదలయ్యాక వచ్చి, చివరి బల్ల మీద గోడ వైపు కూర్చునేవాడు. సోములు మాత్రం రోజూ సాయంత్రం ఇంటికొచ్చేవాడు. రేకు జారింది తన చేతిలోంచి అన్న మాట అతను నోరు విప్పి ఎప్పుడూ అనలేదు. వచ్చి, లిల్లీ ఇచ్చిన టీ తాగి, కాసేపు కూర్చుని వెళ్లిపోయేవాడు.

భర్తకి అన్నం కలిపి పెట్టడం, చొక్కా గుండీలు పెట్టడం లిల్లీకి అలవాటైపోయింది. అలవాటు కానిది ఒక్కటే. అతను బాధతో మెలికలు తిరుగుతుంటే పక్కనే కూర్చుని ఉండాలి, ముట్టుకోకూడదు. బడిలో పిల్ల పడి మోకాలు గీరుకుంటే దగ్గరకి తీసుకుని నిమిరితే ఏడుపు ఆగుతుంది. ఇక్కడ ఆ నిమరడమే కత్తి. ఆమె చేతులు ఒళ్లో పెట్టుకుని, ఒక చేత్తో ఇంకో చెయ్యి పట్టుకుని కూర్చునేది.

నొప్పుల క్లినిక్కులో ఒక లేడీ డాక్టరు ఓపిగ్గా చూసింది. కళ్లు మూసుకోమని, సన్నటి నైలాను పోగుతో అరచేతిలో అక్కడక్కడ తాకించింది. ఒక్కో చోట ఏమీ తెలియలేదు. ఒకచోట తాకగానే దయానందం కుర్చీలోంచి లేచిపోయాడు. ఇది నరానిదే, మనసు కల్పించింది కాదు అని ఆమె కాగితం మీద రాసింది. ఆ మాటకే లిల్లీ కళ్లు తుడుచుకుంది. మూర్ఛకిచ్చే మాత్ర ఒకటి, దిగులుకిచ్చే మాత్ర ఒకటి ఇచ్చారు. నొప్పి కాస్త మొద్దుబారింది. దాంతోపాటు మనిషీ మొద్దుబారాడు. స్టోరులో కూర్చున్నవాడు కూర్చున్నట్టే తూగేవాడు.

లిల్లీ అక్క కూతురు కారుణ్య కలకత్తాలోనే ఒక పరిశోధన సంస్థలో పీహెచ్‌డీ చేస్తోంది. విశాఖపట్నం పిల్ల. హాస్టల్లో ఉంటుంది, రెండు వారాలకోసారి ఆదివారం పిన్ని ఇంటికి భోజనానికి వస్తుంది. ఏం చదువుతున్నావని అడిగితే "కణాల గురించి, బాబాయ్" అని ఊరుకునేది. కొత్త సంవత్సరం వెళ్లాక ఒక ఆదివారం, భోజనాలయ్యాక, దయానందం ఆమెకి నైలాను పోగు సంగతి చెప్పాడు.

"గుర్రపు ఎంటిక లాగుంటాది తల్లీ. అది తాకిస్తే సాలు, పేణం పోనట్టైపోనాది."

కారుణ్య పళ్లెం కడగడానికి లేవబోయి మళ్లీ కూర్చుంది. "తెలుసు బాబాయ్. మేమూ వాడతాం."

"నువ్వా? ఎవులికి?"

"ఎలకలకి." తల వంచుకుంది. ఇక దాచడం కుదరలేదు. "నరం దెబ్బతిన్న ఎలకలకి. పాదం కింద ఆ పోగుతో తాకుతాం. కాలు లాగేసుకుంటే నొప్పి ఉన్నట్టు."

"దెబ్బ తిన్నాయా, మీరే తినిపిస్తారేటి?"

"మేమే. మత్తిచ్చి చేస్తాం."

లిల్లీ వంటింట్లోంచి తొంగి చూసింది. దయానందం కోప్పడలేదు. తన చేతి వంక చూసుకుని, "అవి అరుస్తాయేటి?" అని అడిగాడు.

"లేదు బాబాయ్. ఆ కాలు నేలకి ఆనించకుండా ఎత్తి పెట్టుకుంటాయి."

ఎత్తి పెట్టుకున్న చేతిని అతను మెల్లగా ఒళ్లోకి దించుకున్నాడు. "అయితే సెప్పు. లోపలేటవుతోందో సెప్పు. ఇన్నాళ్లకి తెలిసినోలు మా ఇంట్లోనే ఉన్నారు."

కారుణ్య చెప్పింది. నరం వైరు లాంటిది. దాని చుట్టూ తొడుగులా కణాలుంటాయి. నరం తెగితే తెగిన చోటు నుంచి చివరిదాకా ఉన్న ముక్క చచ్చిపోతుంది. ఆ శిథిలాన్ని ఆ తొడుగు కణాలే మింగి, లోపల సంచుల్లో వేసి కరిగించి, పనికొచ్చేది వాడుకుని, దారి శుభ్రం చెయ్యాలి. అప్పుడు కొత్త నరం పెరుగుతుంది. ప్రతి కణంలోనూ ఈ పని ఎప్పుడూ జరుగుతూనే ఉంటుంది. దాన్ని ఆటోఫజీ అంటారు. తన చెత్తని తనే తినెయ్యడం. అది మందగిస్తే చెత్త అక్కడే ఉండిపోతుంది, చుట్టూ వాపు, రేగిపోవడం. దెబ్బ లేకపోయినా నరం దెబ్బ దెబ్బ అని మెదడుకి చెబుతూనే ఉంటుంది.

"కండెమ్ అయిపోన బోగీలు లైను మీదే వొదిలేసినట్టన్నమాట," అన్నాడు దయానందం.

"అలాంటిదే."

"మరి మీ ఎలకలకి ఆ పని జోరు సేసే మందేదైనా ఉందేటి?"

"ఒకటుంది. మనుషులకి ఇచ్చేది కాదు బాబాయ్. అంటే వేరే జబ్బుకి ఇస్తారు, ఒంట్లో రోగాన్ని ఎదుర్కొనే శక్తిని అణిచేస్తుంది. మీకు అది వద్దు." అతని ముఖం చూసి ఏదో ఒకటి చెప్పాలనిపించింది ఆమెకి. "కొన్నాళ్లు తిండి తగ్గించినా కణాల్లో ఆ పని పెరుగుతుందని చూశారు. ఆకలేస్తే కణం తన దగ్గరున్న చెత్తే తింటుంది కదా. కానీ అదంతా..."

"ఉపాసం!" అన్నాడు దయానందం. కారుణ్య చెప్పబోయిన మాట అక్కడే ఆగిపోయింది. ఎన్నో నెలల తరవాత అతని ముఖం వెలిగింది. "సూసినావా లిల్లీ? ఉపాస పార్దన ఊరికే పెట్టినాడేటి దేవుడు?"

ఫిబ్రవరిలో శ్రమకాలపు దినాలు మొదలయ్యాయి. ఈస్టరు ముందు నలభై రోజులు చర్చిలో సిలువ ధ్యానాలు, శుక్రవారాలు ఉపవాస ప్రార్థన. అందరూ పొద్దుటి పూట మానేసి సాయంత్రం ప్రార్థన కాగానే తినేవాళ్లు. దయానందం శుక్రవారంతో ఆగలేదు. బుధవారం కూడా మొదలుపెట్టాడు. తరవాత ఒక రోజు మొత్తం, ఆపైన రెండ్రోజులు. ఫోనులో ఎవరెవరో మాట్లాడిన వీడియోలు దొరికాయి. తెల్లలాల్చీ వేసుకున్న ఒకాయన, ఒంట్లోని సకల రోగాలనీ ఆకలే ఊడ్చేస్తుందని చేతులు ఊపి చెప్పేవాడు. దయానందం గట్టిగా పెట్టుకుని వినేవాడు. ఖాళీ కడుపున మాత్రలు పడటం లేదని అవీ తగ్గించేశాడు.

"మందులు మానొద్దండీ. డాక్టరుగారు ఏటన్నారు?" అంది లిల్లీ.

"లోపల పని జరగతోంది. మందేసి దాన్నెందుకు తొక్కడం?"

లిల్లీకి అది తప్పని చెప్పే చదువు లేదు. ఒప్పని నమ్మే ధైర్యం లేదు. వండి మూతపెట్టి, తనూ తినకుండా పడుకునేది.

ఆ తరవాత నొప్పి నిజంగానే తగ్గింది. ఎందుకు తగ్గిందో ఎవరికీ తెలియదు. ఈ నొప్పికి ఎత్తుపల్లాలుంటాయని డాక్టరు ముందే చెప్పి ఉంది. చలి పోయి ఎండ రావడం వల్ల కావచ్చు. ఆశ వల్ల కావచ్చు. ఒక పొద్దున దయానందం కుడిచేత్తో టీ గ్లాసు పట్టుకున్నాడు. లిల్లీ చూస్తూ నిలబడిపోయింది. మర్నాడూ పట్టుకున్నాడు. వారం గడిచింది. దుప్పటి కప్పుకుని నిద్రపోయాడు. లిల్లీ ఆ సంగతి పక్కింట్లో చెప్పింది, బడిలో చెప్పింది, విశాఖలో అక్కకి ఫోను చేసి చెప్పింది.

ఈస్టరుకి వారం ముందు వచ్చే మట్టల ఆదివారం రోజు పిల్లలు ఖర్జూర మట్టలు పట్టుకుని సందంతా ఊరేగి చర్చిలోకి వచ్చారు. పాటలయ్యాక పాస్టరుగారు దయానందాన్ని ముందుకి పిలిచారు. గాయమైన రోజు నుంచీ సంఘమంతా అతని కోసం ప్రార్థిస్తోంది. దేవుడు చేసిన మేలు గురించి సాక్ష్యం చెప్పమన్నారు.

దయానందం మైకు ఎడమచేత్తో పట్టుకున్నాడు. ఆ పొద్దున్నే అరచేతిలో చిన్నగా సూది గుచ్చినట్టయింది. అదేమీ కాదనుకున్నాడు.

"నా సెయ్యి కాలిపోయీది. దేవుడు నన్ను ఉపాసంలోకి నడిపించినాడు. మన ఒంట్లో చెత్తని మన ఒళ్లే ఊడ్సుకునేలాగ ఆయనే పెట్టినాడంట, మా కారుణ్య సదువుకుని సెప్పింది. సగం నొప్పి పోనాది. మిగిలిన సగం ఈస్టరుకి పోతాది. దేవునికి స్తోత్రం."

స్తోత్రం, స్తోత్రం అని చర్చంతా లేచింది. ఆడవాళ్లు ఏడ్చారు. సోములు వెనక బల్ల మీద ముఖం చేతుల్లో దాచుకుని వెక్కివెక్కి ఏడ్చాడు. ఆరాధన ముగిసింది. అప్పుడు ఒక్కొక్కరూ వచ్చి దయానందం కుడిచెయ్యి పట్టుకున్నారు.

ఎంతమందో చెప్పలేం. ముసలివాళ్లు, పిల్లలు, యార్డులో పనిచేసేవాళ్లు. చాలా నెలలుగా ఆ చెయ్యి అందనివాళ్లంతా దాన్ని రెండు చేతులతో పట్టుకుని ఊపారు. కొందరు కళ్లకద్దుకున్నారు. దయానందం నవ్వుతూనే ఉన్నాడు. వందనాలు, వందనాలు అంటూనే ఉన్నాడు. లిల్లీ పక్కనే ఉంది. అతని కణతల మీంచి చెమట కారి కాలరు తడిసిపోవడం చూసింది. ఆపండి అని అరవాలనిపించింది. నొప్పి పోయిందని ఇప్పుడే దేవుడి ముందు చెప్పిన మనిషి చేతిని వదలమని ఎలా అడుగుతుంది?

ఇంటికొచ్చాక అతను తలుపు గడియ పెట్టి, గోడకి నుదురు ఆనించి నిలబడ్డాడు. అరిచింది నోటితో కాదు, గొంతులోపల. చెయ్యి ఎర్రగా ఉబ్బి ఉంది.

"వొచ్చీసిందా?" అంది లిల్లీ.

"ఎవులికీ సెప్పకు."

"డాక్టరు దగ్గరికెళ్దాం."

"ఎవులికీ సెప్పకంటే సెప్పకు. ఆల్లకేటని సెప్పాల? దేవుడు తగ్గించి మల్లీ ఇచ్చినాడనా? నేను అబద్దమాడినాననా?"

"అప్పుడు తగ్గింది కదండీ. అబద్ధమెలగవుతాది?"

ఆ వారమంతా దయానందం ఏమీ తినలేదు. సగం ఉపవాసానికి సగం నొప్పి పోయింది, పూర్తిగా పోవాలంటే పూర్తిగా ఉండాలన్నది అతని లెక్క. నీళ్లు, నిమ్మరసం మాత్రం తాగేవాడు. లిల్లీ బతిమాలింది, తిట్టింది, అతని ముందే కంచం పెట్టుకుని కూర్చుని ఒక్క మెతుకూ ముట్టకుండా లేచింది. గుడ్ ఫ్రైడే మూడు గంటల ఆరాధనలో అతను నిలబడలేక గోడకి ఆనుకుంటే, చూసినవాళ్లు భక్తి అనుకున్నారు. ఈస్టరు పొద్దున సమాధి తోటలో పాటలు పాడే ఆరాధనకి వెళ్లాడు. నొప్పి పోలేదు. ఎవరో అడిగితే "బాగుంది, బాగుంది" అన్నాడు.

మర్నాడు డ్యూటీకి వెళ్తూ స్టేషను పైవంతెన మెట్ల మీద కళ్లు తిరిగి పడ్డాడు. పడేటప్పుడు మనిషి అలవాటు కొద్దీ కుడిచెయ్యే ఆనించాడు. అటుగా వెళ్తున్న బెంగాలీ కుర్రాళ్లిద్దరు రిక్షావ్యానులో వేసుకుని ఆసుపత్రికి తీసుకెళ్లారు. ఎముకలు విరగలేదు. ఒంట్లో ఉప్పు, చక్కెర బాగా పడిపోయాయన్నారు. ఎడమచేతికి సెలైను పెట్టారు. కుడిచెయ్యి ఛాతీ మీద ఎత్తుగా, ఎవరికీ అందకుండా పెట్టుకుని పడుకున్నాడు. నర్సులు అన్నం తెస్తే నోరు బిగించేశాడు.

కారుణ్య మధ్యాహ్నానికి వచ్చింది. వరండాలోనే లిల్లీ ఆమె భుజాలు పట్టుకుంది.

"నువ్వే సెప్పాలమ్మా. నా మాట వినడు, డాక్టరు మాట వినడు. నువ్వు సెప్పింది వింటాడు. తినమని సెప్పు."

కారుణ్యకి తినమని చెప్పడం సులువే. అందుకు ఏం చెప్పాల్సి వస్తుందో ఆమెకి తెలుసు. ఆ రోజు అన్నాల దగ్గర చెప్పబోయి, అతని ముఖంలో వెలుగు చూసి ఆగిపోయిన మాట అది.

మంచం పక్కన స్టూలు మీద కూర్చుంది. "బాబాయ్, ఆ మందు మా ఎలకలకి ఎప్పుడిస్తామో మీరు అడగలేదు."

దయానందం కళ్లు తెరిచాడు.

"నరం దెబ్బతిన్న రోజే ఇస్తాం. అదే రోజు. ఆ తరవాత కొద్దిరోజులు. శిథిలం ఊడవాల్సిన రోజులవి. అప్పుడిచ్చిన వాటిలో చాలావాటికి నొప్పి సరిగా మొదలవనే లేదు."

"తరవాత ఇచ్చినోటికి?"

కారుణ్య స్టూలు దగ్గరికి జరుపుకుంది.

"సెప్పు తల్లీ."

"నెల దాటాక ఇచ్చిన వాటికి పెద్దగా ఏం మారలేదు. నొప్పి అప్పటికే వెన్నులోకి, మెదడులోకి పాకిపోయి ఉంటుంది. కింద చెత్త ఊడ్చినా పైన గంట మోగుతూనే ఉంటుంది. మనుషుల సంగతి ఎవరికీ తెలియదు. నాకూ తెలియదు. కానీ మీరు ఇలా తినకుండా ఉంటే... నరం పెరగడానికి కూడా తిండి కావాలి బాబాయ్. ఉన్నది కూడా పోతుంది."

వార్డులో ఎవరిదో రేడియోలో బెంగాలీ వార్తలు వస్తున్నాయి. లిల్లీ మంచం కాళ్ల దగ్గర ఇనుప కడ్డీ పట్టుకుని నిలబడి ఉంది.

"దెబ్బ తగిలిన రోజు నాకేటి తెలుసు?" అన్నాడు దయానందం. కోపంగా కాదు, నిజంగా అడుగుతున్నట్టే అడిగాడు. "సెయ్యి దక్కిందని పార్దన సేసుకున్నాం ఆ రోజు."

"ఆ రోజు ఎవరికి తెలిసినా ఏమీ ఇచ్చేవాళ్లు కాదు బాబాయ్. మనుషులకి ఇంకా అలాంటి మందు లేదు."

"బాగైపోన ఎలకల్ని ఏటి సేస్తారు?"

నరం బయటికి తీసి లోపల ఏమైందో చూడాలంటే చివరికి వాటిని ఏం చెయ్యాలో కారుణ్య చెప్పలేదు. అతనికి అర్థమైంది కాబోలు, మళ్లీ అడగలేదు. లిల్లీ వైపు తిరిగి, ఆమె ఇంటి నుంచి తెచ్చిన డబ్బా చూపించి, "ఏటుంది అందులో?" అన్నాడు. ఆమె గబగబా డబ్బా మూత తీసింది. మెత్తగా వండిన పప్పన్నం. చెంచాతో పెడితే తిన్నాడు. ప్రతి ముద్దా నమిలి మింగాడు. ఇన్నాళ్లుగా అతను తినాలని ఏడ్చిన లిల్లీకి, తీరా ఆశ వదులుకుని తింటుంటే చూడటం కష్టమైంది.

ఇంటికొచ్చాక మళ్లీ మాత్రలు మొదలయ్యాయి. డాక్టరు మోతాదు పెంచింది. వెన్నులో తీగ పెట్టి చిన్న కరెంటు ఇచ్చే పద్ధతొకటి ఉందనీ, అది అందరికీ పనిచెయ్యదనీ, పెద్ద ఆసుపత్రిలో పేరు రాయిస్తాననీ అంది. పేరు రాయించుకుని వచ్చారు.

ఒక సాయంత్రం దయానందం పాస్టరుగారి ఇంటికి వెళ్లాడు. సంఘం ముందు నిలబడి, నొప్పి తగ్గలేదని చెప్పేస్తానన్నాడు. పాస్టరుగారు మంచి మనిషి. "మీరు ఆ రోజు చెప్పింది ఆ రోజుకి నిజమే కదా అన్నా. ఇప్పుడు మళ్లీ లేచి చెబితే విశ్వాసంలో బలహీనులు తొట్రుపడతారు. దేవుడు ఇంకా పూర్తి చెయ్యలేదనుకుందాం," అన్నారు. దయానందం తల ఊపి వచ్చేశాడు. చర్చి వసారాలో కూర్చుని సోములుకి మాత్రం చెప్పాడు. సోములు రేకుల పైకప్పు వంక చూస్తూ, "తెలుసు బావా, నీ మొకం సూస్తే తెలీదేటి?" అన్నాడు. సాక్ష్యం తరవాత ఇంటికి రావడం మానేసిన సోములు ఆ రోజు నుంచి మళ్లీ రోజూ రావడం మొదలెట్టాడు.

కారుణ్య ఆదివారాలు రావడం మానలేదు. ఎలకల సంగతి మాత్రం ఎవరూ ఎత్తేవాళ్లు కాదు. వంటింట్లో ఒకసారి పిన్నితో, ఆ పోగు చేతిలో పట్టుకుంటే బాబాయ్ చెయ్యే కనిపిస్తోందని అంది. లిల్లీ ఆమె తల నిమిరింది.

జూలైలో, సందు నిండా మోకాలి లోతు నీళ్లు నిలిచిన రోజు, వాట్‌గంజ్ నుంచి ఒక ముసలావిడ వాళ్ల ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. పేరు అప్పమ్మ. మొగుడు ఓడరేవు డాకులో పనిచేసి పోయాడట. రెండేళ్ల కిందట లారీ తగిలి కాలు విరిగితే ఆపరేషన్ చేశారు. ఎముక అతికింది. అప్పటి నుంచి పాదం మండుతోంది. చెప్పు వేసుకోలేక, ఆ కాలికి గుడ్డ కూడా చుట్టుకోలేక, మురికినీళ్లలో ఉత్త పాదంతో నడిచి వచ్చింది.

"మీ సాచ్చెం మా పక్కింటి గుంట ఫోన్లో ఇనిపించింది బాబూ," అంది గుమ్మంలో కూలబడుతూ. ఆ ఆదివారం ఎవరో వీడియో తీశారని దయానందానికి అప్పటిదాకా తెలియదు. "మంగలారం నించి నేనూ ఉపాసమే ఉంటన్నాను. పోలేదు. మీరెన్నాలున్నారు? ఏటి పార్దన సేసినారు? మీ సెయ్యి నా కాలి మీద ఒక్కపాలి ఎయ్యండి బాబూ."

దయానందం ఆమె ముందు నేల మీద కూర్చున్నాడు. "అమ్మా, నాకు తగ్గలేదు."

"అలగనకండి."

"నిజంగా తగ్గలేదమ్మా. నాలుగు దినాలు తగ్గింది, తొందరపడి సెప్పీసినాను. తరవాత మల్లీ వొచ్చీసింది. ఇదిగో సూడు." కుడిచెయ్యి ముందుకి చాపాడు. బొటనవేలి కింద కండ కరిగిపోయి గుంటపడింది. ఆమె ముట్టుకోబోతే చటుక్కున వెనక్కి లాక్కున్నాడు.

అప్పమ్మ అది చూసింది. ఇంకేమీ చూపించనక్కర్లేకపోయింది. తన పాదాన్ని కూడా ఎవరైనా ముట్టుకోబోతే ఆమె అలాగే లాక్కుంటుంది.

"తినమ్మా ముందు," అన్నాడు. "ఉపాసాలు మానీ. నేను పడిపోయి ఆసుపత్రిలో పడున్నాను. మంచి డాక్టరమ్మ ఉంది, చీటీ రాసిస్తాను, సూపించుకో. మాత్రలేసుకుంటే కొంత మొద్దుబారతాది. అంతే. పూర్తిగా పోదు."

"మరి నేనేటి సెయ్యాల?"

దయానందం భార్య వైపు చూశాడు. లిల్లీ కంచంలో అన్నం, చేపల పులుసు పెట్టి తెచ్చి ముసలావిడ ముందుంచింది. అప్పమ్మ కంచం దగ్గరికి లాక్కుని తినసాగింది. ఏడుస్తూనే తింది. మండే పాదాన్ని గడప లోపలికి చాపి, వాన తుంపర తగలకుండా ఎత్తి పట్టుకుంది.

దయానందం ఎడమచేత్తో డాక్టరమ్మ చీటీ రాసి ఆమె పక్కన పెట్టాడు. నీళ్లు తగ్గాక సోములు వచ్చి రిక్షా మాట్లాడి ఎక్కించాడు. రిక్షా కదలబోతుంటే ఆమె బాబూ అని పిలిచి, వచ్చే వారం మళ్లీ వస్తానంది. ఊరికే కాసేపు కూర్చుని పోడానికట. రమ్మన్నాడు దయానందం.